గడప యెత్తు - వొక నైతిక ప్రశ్న

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నది మనవాళ్ల సామెత. యీ సామెతలో మొదటి సగం భౌతిక సత్యం. రెండవ సగం, సత్యాన్ని మనుషుల చేతుల్లోంచి తప్పించి పైవాడికి వొప్పజెప్పటం. వరదల విషయంలో మన ప్రభుత్వాలూ, పత్రికలూ, చాలాసార్లు మన మేధావులూ యీ రెండవ సగాన్నే పట్టుకు వేళ్లాడుతున్నారు. నీరు పల్లానికి పోయింది, యేం చేస్తామంటారు. కాని ఆ పల్లంలో యెవరున్నారు, యెందుకున్నారు, వాళ్ల గడప నీటికి యెన్ని అడుగుల పైన వుండాలని యెవరు నిర్ణయించారు, అసలు నిర్ణయించారా లేదా అన్న నిజం దేవుడొక్కడికే తెలిసిన రహస్యం కాదు. అది నివాసానికి అనుమతినిచ్చే కార్యాలయాల కాగితాల్లో వుంటుంది, లేక ఆ కాగితాల్లో లేకపోవటంలో వుంటుంది.

నేను ఇంజనీరును కాను. తెలుగు సాహిత్యం చదువుకొని, కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. అయినా యీ విషయం మీద రాయటానికి పూనుకోవటానికి కారణం వుంది. నది యెంత యెత్తుకు పొంగగలదో కొలవటం శాస్త్రం పని. అందులో నావంటివాడు వేలు పెట్టకూడదు. కాని ఆ మట్టానికి పైన యే యిల్లు వుండాలి, యే యిల్లు కింద వున్నా ఫరవాలేదు అని చెప్పటం శాస్త్రం పని కాదు. యెవరి జీవితంలోకి యెన్నిసార్లు నీళ్లు రావటానికి సమాజం వొప్పుకుంటుంది అన్నదే ఆ ప్రశ్న. యిది నీతికి సంబంధించిన ప్రశ్న. దానిని అంకెల భాషలో అడిగినంత మాత్రాన అది నీతి ప్రశ్న కాకుండా పోదు.

స్థానిక ప్రభుత్వాలు గడప యెత్తును నిర్ణయించే పద్ధతి చాలా వివరంగా చట్టంలోకి యెక్కిన దేశం అమెరికా. అందుచేత అక్కడినుంచి మొదలుపెడతాను. పెట్టుబడిదారీ దేశపు పురపాలక నిబంధనలతో మనకేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. మార్క్సు తన మహాగ్రంథానికి కావలసిన సామగ్రిని ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలనుంచి విస్తారంగా తీసుకున్నాడన్న సంగతి వారికి గుర్తుచేస్తున్నాను. వొక సమాజం తన మనుషుల ప్రాణానికి యేపాటి వెల కడుతున్నదో దాని వుపన్యాసాల్లో కనిపించదు, దాని నిబంధనల్లో కనిపిస్తుంది.

అమెరికాలో 1968లో జాతీయ వరద బీమా చట్టం వచ్చింది. ఆ పథకం కింద కేంద్రప్రభుత్వం నదుల వెంట పటాలు తయారుచేస్తుంది. యే సంవత్సరంలోనైనా సరే, రావటానికి నూటికి వొక పాలు అవకాశం వున్న వరద యే యెత్తుకు చేరుతుందో లెక్కగట్టి, ఆ యెత్తును పటం మీద గుర్తిస్తారు. దీనిని ఆధార వరదమట్టం అనవచ్చు. అయితే యిళ్లకు అనుమతి యిచ్చే అధికారం కేంద్రానిది కాదు, వూరిది. కాబట్టి పురపాలక సంఘమో జిల్లా పాలకమండలియో ఆ పటాన్ని అంగీకరించి, కొత్త యిల్లు కడితే దాని కింది అంతస్తు నేల ఆ మట్టానికి తగ్గకూడదని స్వయంగా నిబంధన చేసుకోవాలి. చేసుకోని వూరికి ఆ పథకం కింద బీమా దొరకదు. యిది కనీసపు హద్దు మాత్రమే. స్థానిక సభ తలచుకుంటే దానిపైన వొక అడుగో రెండడుగులో మూడడుగులో అదనంగా విధించవచ్చు. లెక్కల్లో పొరపాటు వుండవచ్చు, రేపటి వర్షం నిన్నటి వర్షంలా వుండకపోవచ్చు అన్న వివేకానికి గుర్తు ఆ అదనపు అడుగు. దానిని యెంత పెట్టాలో చెప్పేది నది కాదు, సభలో లేచే చేతులు.

యీ నూటికి వొక పాలు వరదకు లోకంలో నూరేళ్ల వరద అని పేరు పడింది. యింతటి మోసపు మాట మరొకటి వుండదు. నూరేళ్లకు వొకసారి వస్తుందంటే, నిరుడే వచ్చింది గనుక యిక మన జన్మలో రాదు అని యెవరైనా అనుకుంటారు. లెక్క అలా చెప్పదు. యింటి అప్పు తీరటానికి ముప్ఫై యేళ్లు పడుతుందనుకుందాం. ఆ ముప్ఫై యేళ్లలో వొక్కసారైనా ఆ వరద యింట్లోకి వచ్చే అవకాశం నూటికి 26. అంటే నలుగురిలో వొకరికి. నూరేళ్లు అన్న మాట ధైర్యం చెబుతుంది. నలుగురిలో వొకరు అన్న మాట నిద్ర పట్టనివ్వదు. రెండూ వొకే సత్యానికి రెండు పేర్లు. యే పేరు ప్రజల చెవిని వేస్తారన్నది భాషా ప్రశ్న కూడాను. భాష చెప్పి బతికేవాడికి యిందులో పని లేదని యెలా అనగలను?

హ్యూస్టన్ నగరం విషయం చూడండి. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు టెక్సాస్‌లో కొన్నిచోట్ల అరవై అంగుళాల వర్షం పడింది. అప్పటిదాకా ఆ నగరపు నిబంధన నూరేళ్ల మట్టానికి వొక అడుగు పైన. 2018 యేప్రిల్‌లో నగరసభ ముందుకు కొత్త ప్రతిపాదన వచ్చింది: యేటా అయిదు వందల్లో వొక పాలు అవకాశమున్న వరదమట్టానికి రెండడుగుల పైన కట్టాలి. యిళ్లు కట్టి అమ్మే కంపెనీలు గగ్గోలు పెట్టాయి. చివరికి 9 వోట్లు అనుకూలంగా, 7 వోట్లు ప్రతికూలంగా పడి ప్రతిపాదన నెగ్గింది. ఆ యేడు సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. యీ నిబంధన ముందే వుండివుంటే, వరద ప్రాంతంలో మునిగిన యిళ్లలో నూటికి 84 మునిగేవి కావని నగర అధికారులే లెక్కకట్టారు. అంటే వేలాది కుటుంబాల భవిష్యత్తు రెండు వోట్ల తేడా మీద నిలబడింది. అదే యేడాది ఆ ప్రాంతపు వర్షపు లెక్కలు కూడా తిరగరాశారు. వొక రోజులో 13 అంగుళాలు పడితే నూరేళ్ల వర్షం అనుకున్నది కాస్తా సుమారు 18 అంగుళాలకు పెరిగింది. నిన్నటిదాకా గట్టు మీద వున్నామనుకున్నవాళ్లు, కదలకుండా కూర్చునే, కాగితం మీద పల్లంలోకి వచ్చేశారు.

యింతవరకు చూస్తే, ఆలస్యంగానైనా సభ మేలుకుంది గదా, యిందులో తప్పేముంది అనిపిస్తుంది. తప్పు నిబంధన యెత్తులో లేదు, దాని నిర్మాణంలో వుంది. రెండు విషయాలు చెబుతాను.

మొదటిది, పొరుగువాడి నీరు. వరదమైదానంలో వొకడు మట్టి పోసి తన స్థలాన్ని మెరక చేసుకుంటే, అక్కడ నిలవవలసిన నీరు మాయమైపోదు. పక్కవాడి మీదికి పోతుంది. అమెరికా కేంద్ర నిబంధన యీ సంగతి యెరుగును. యెరిగి యేం చేసింది? నది మధ్యలో ప్రవాహానికి కొంత బాటను వదిలిపెట్టి, దాని అంచుల్లో మెరక చేసుకోవటానికి అనుమతించింది. ఆ మెరకలన్నిటివల్ల వరదమట్టం మొత్తం మీద వొక అడుగు దాకా పెరిగినా ఫరవాలేదన్నది. యిల్లినాయ్ వంటి రాష్ట్రాలు అంత వొప్పుకోమని, ఆ పెరుగుదలను అడుగులో పదో వంతుకు తగ్గించుకున్నాయి. తగ్గించటం సాధ్యమేనని దీనివల్ల రుజువయింది గదా! అయినా కనీసపు హద్దు అడుగుగానే వుంది. అంటే మెరక చేసుకోగలవాడు తన యింట్లోంచి తోసిన నీటిలో, మెరక చేసుకోలేనివాడి యింట్లోకి అడుగు మేర పోవటానికి చట్టమే అనుమతి రాసిచ్చింది. ఆస్తిహక్కు గురించి అంత గొప్పగా మాట్లాడే దేశంలో, పేదవాడి గోడకున్న అడుగు ఆస్తి కాకుండా పోయింది.

రెండవది, సగం వెల నిబంధన. పాత యిళ్లకు కొత్త మట్టం వర్తించదు. అయితే వరదలో దెబ్బతిన్న యింటి మరమ్మతు ఖర్చు ఆ కట్టడపు మార్కెట్ వెలలో సగమో అంతకు మించో అయితే, ఆ యింటిని కొత్త మట్టానికి యెత్తి తీరాలి. వినటానికి సమానంగా వుంది. లెక్క సులువుగా వుండటానికి రూపాయల్లో చూద్దాం. వొకే వీథిలో వొకే లోతు నీళ్లు వచ్చాయి. నలభై లక్షల వెలగల మేడకు పన్నెండు లక్షల మరమ్మతు అయింది. అది నూటికి 30. పది లక్షల వెలగల పాత యింటికి ఆరు లక్షలయింది. అది నూటికి 60. మేడవాడు గోడలకు రంగు వేయించుకొని లోపలికి పోతాడు. పాత యింటివాడు యిల్లంతా యెత్తించాలి, లేక అమ్ముకొని పోవాలి. బీమా కట్టినవాళ్లకు యెత్తించుకోవటానికి 30,000 డాలర్ల దాకా సాయం వుంది. బీమా కట్టలేనివాడికి అదీ లేదు. 2005లో కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో జనం నగర కార్యాలయానికి పోయి, మా నష్టాన్ని సగానికి తక్కువగా రాయండి అని వేడుకున్నారు. మా యిల్లు యెక్కువగా పాడయింది, సాయం చేయండి అని అడగవలసిన మనిషి, మా యిల్లు అంతగా పాడు కాలేదని రాసుకోండి అని అడగవలసివచ్చింది. అందరికీ వొకేలా వర్తించే నియమం అసమాన సమాజంలో చేసే పని యిదే.

యిక మన దేశానికి వద్దాం. వరదమైదానాలను మండలాలుగా విభజించే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మణిపూర్ 1978లోనూ, రాజస్థాన్ 1990లోనూ, ఉత్తరాఖండ్ 2012లోనూ చట్టాలు చేశాయి. మిగిలిన పెద్ద రాష్ట్రాల్లో అది అలమారుల్లో పడుకుంది. ఆ ఆలోచననే 2008లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తన వరద మార్గదర్శకాల్లో మళ్లీ చెప్పింది. అందులోని వర్గీకరణను మన మిత్రులు శ్రద్ధగా చూడాలి. రక్షణ స్థావరాలు, పరిశ్రమలు, ఆస్పత్రులు, విద్యుత్ కేంద్రాలు, రైల్వే స్టేషన్లు, వాణిజ్య కేంద్రాలు నూరేళ్ల వరదమట్టానికి పైన వుండాలి. ప్రభుత్వ కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు, నివాస ప్రాంతాలు పాతికేళ్ల వరదమట్టానికి పైన వుంటే చాలు. ప్రమాదం వున్నచోట స్తంభాల మీద కట్టుకోవాలి.

ఆస్పత్రి నూరేళ్ల మట్టాన వుండాలన్నదానికి నేను చేతులెత్తి వొప్పుకుంటాను. వరదనాడు అందరికీ ఆశ్రయం అదే. కాని వాణిజ్య కేంద్రానికి నూరేళ్లు, నివాసానికి పాతికేళ్లు యే ధర్మం ప్రకారం? పాతికేళ్ల మట్టాన వున్న యింట్లోకి ముప్ఫై యేళ్లలో వొక్కసారైనా నీళ్లు వచ్చే అవకాశం నూటికి సుమారు 71. దుకాణంలోని బట్టల మూట తడవకూడదు. వుయ్యాలలోని పిల్ల తడవవచ్చు. యిది రాసినవారు దుర్మార్గులని నేననటం లేదు. దేశంలో కోట్లాది యిళ్లు పల్లంలో వున్నాయని వాళ్లకు తెలుసు. అన్నిటినీ నూరేళ్ల మట్టానికి చేర్చటం యిప్పటి వ్యవస్థలో అసాధ్యమనుకొని, సాధ్యమైనదాన్ని రాశారు. కాని సాధ్యం కాదని అనుకున్నదాన్ని చాలు అని రాయటంలోనే అన్యాయం శాస్త్రపు వేషం కడుతుంది.

మన పురపాలక నిబంధనల్లో మరొక విశేషం వుంది. అక్కడ యెత్తును కొలుస్తారు. యిక్కడ యెక్కువగా దూరాన్ని కొలుస్తారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకైతే పూర్తి నీటిమట్టపు హద్దునుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకైతే 9 మీటర్లు వదిలి కట్టాలని 2012 నాటి కట్టడ నిబంధనలు చెబుతాయి. దూరం అవసరమే, చెరువు బతకాలి. కాని యెత్తును కొలిచేచోట యెంత యెత్తు, యెవరి ఖర్చు అన్న ప్రశ్న పుడుతుంది. దూరాన్ని మాత్రమే కొలిచేచోట వుండాలా, పోవాలా అన్న ప్రశ్న వొక్కటే మిగులుతుంది. 2024లో మూసీ నదీగర్భంలో వున్నాయని హైదరాబాదులో పేదల గోడల మీద యెర్రరంగుతో ఆర్.బి.ఎక్స్. అని రాశారు. ఆ మూడక్షరాలకు అర్థం చెప్పించుకోవటానికి కూడా ఆ యింటివాళ్లు యెవరినో అడగవలసివచ్చే స్థితిలో వుంటే, దానిని ప్రజాపరిపాలన అనగలమా?

నదీగర్భంలోకి యెందుకు వచ్చారని అడిగేవాళ్లకు చరిత్ర తెలియాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు పదిహేను వేలమంది చనిపోయారని అంచనా. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మీద నగరానికి యెగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు లేచాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయింది. నిజాం రాజ్యంలో సైతం, ప్రతి యింటివాడూ తన గడప తానే యెత్తుకోవాలని చెప్పలేదు. సమాజపు సొమ్ముతో నీటినే యెగువన నిలబెట్టారు. అయితే నీరు తగ్గిన నదిలో ఖాళీ నేల కనబడింది. నగరం కూలివాణ్ణి పిలిచింది గాని, గట్టుమీద అతనికి చోటు చూపలేదు. రక్షణ కల్పించిన కట్టడమే కొత్త మనుషులను ప్రమాదంలోకి రప్పిస్తుందని అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే హెచ్చరించాడు. అతను చెప్పింది మిసిసిపి గురించే కావచ్చు, మూసీకి అక్షరాలా వర్తిస్తుంది.

పల్లం యెప్పుడూ నది వొడ్డునే పుడుతుందని కూడా అనుకోకూడదు. దానిని తయారుచేయవచ్చు. నేను పనిచేసే పట్నంలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దానిమీదనే వేస్తారు. మేస్త్రీలు యింటి బేస్‌మెంటు యెత్తును రోడ్డునుంచే కొలుస్తారు గనుక, కొత్త యిళ్లన్నీ కొత్త రోడ్డుకు పైన లేస్తాయి. ముప్ఫై యేళ్లనాడు మూడు మెట్లెక్కి వెళ్లిన యింట్లోకి యిప్పుడు రెండు మెట్లు దిగి వెళుతున్నారు. డబ్బున్నవాడు యిల్లు పడగొట్టి కట్టుకున్నాడు, లేక జాకీలు పెట్టి యెత్తించుకున్నాడు. మిగిలినవాళ్లు గడపకు అడ్డంగా జానెడు సిమెంటు కట్ట పోసుకొని, వర్షం వచ్చిన రాత్రి చెంబులతో నీళ్లు తోడుకుంటున్నారు. యే సభా తీర్మానించలేదు, యే పటమూ గీయలేదు. అయినా ఆ వీథికి వరదమట్టం నిర్ణయమయిపోయింది. నిర్ణయించకుండా వుండటం కూడా నిర్ణయించటమే. ఆ భారం మోసేవాడు మాత్రం మారడు.

యిక్కడ మూడు అభ్యంతరాలు వస్తాయి. గడప యెత్తు పెంచితే యింటి ఖరీదు పెరిగి పేదవాడికి యిల్లు దక్కదని కట్టడపు వ్యాపారి అంటాడు. నిబంధన వచ్చిననాడు పేదవాడు గుర్తుకొచ్చే యీ పెద్దమనిషికి, స్థలం ధర పెంచేనాడు అతను గుర్తు రాడు. అయినా అతని మాటలో నిజం లేకపోలేదు. దానికి సమాధానం గడప దించటం కాదు, యెత్తుకయ్యే ఖర్చు యింటివాడి మీదనే వేయకపోవటం.

తెలిసి ప్రమాదంలో వుండటం మనిషి స్వేచ్ఛ, ప్రభుత్వానికేం పని అని రెండవవారంటారు. యెంచుకోవటానికి రెండు చోట్లు వున్నవాడికే స్వేచ్ఛ అన్న మాట వర్తిస్తుంది. విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ నీళ్లలో వున్నప్పుడు, అక్కడివాళ్లు యీ ప్రమాదాన్ని స్వేచ్ఛగా కోరుకున్నారని యెవరైనా అనగలరా? అద్దె అందుబాటులో వున్నచోట, పని దగ్గరున్నచోట బతికారు. దానిని వరణం అనరు, అవసరం అంటారు.

మూడవ అభ్యంతరం మన శిబిరంలోనిది, అందుచేత యెక్కువ ముఖ్యమైనది. వరదమట్టాలూ, హద్దులూ అన్నీ పేదలను ఖాళీ చేయించటానికి పాలకవర్గం పన్నిన వుపాయాలు, కాబట్టి వాటినన్నిటినీ వ్యతిరేకించాలి అని కొందరు యువ మిత్రులు వాదిస్తారు. వాళ్ల ఆవేశం నాకు అర్థమవుతుంది. వాళ్ల తర్కాన్ని నేను అంగీకరించలేను. గీత అబద్ధమని మనం అంటే నీరు ఆగదు. గీతను చెరిపించి పేదవాణ్ణి పల్లంలోనే వుంచటం అతనికి చేసే న్యాయం కాదు, అతని చావుకు మనం తోడు సంతకం పెట్టటం. గనికార్మికుడి భద్రతా నియమాన్ని యజమాని దుర్వినియోగం చేస్తే, నియమమే వద్దని యే కార్మికసంఘమూ అనలేదు. నియమం మీద తన అధికారాన్ని కోరింది.

మనమూ అదే కోరాలి. పట్టణ ప్రణాళికనూ, కట్టడాల నియంత్రణనూ 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించవలసిన విషయాల్లో చేర్చింది. కాబట్టి యీ ప్రశ్న అడగటానికి చోటు వుంది. యే వరదమట్టం ముందుకొచ్చినా నాలుగు పరీక్షలు పెట్టాలి. దానిని యెలా లెక్కకట్టారో వార్డులోని మనుషులకు తెలుగులో, నూరేళ్ల మాటల్లో కాక నలుగురిలో వొకరు అన్న భాషలో చెప్పారా? నివాసానికి వాణిజ్యంకంటె తక్కువ రక్షణ యిచ్చారా? యెత్తటానికో, మరొకచోట సమానమైన యిల్లు యివ్వటానికో అయ్యే ఖర్చు యెవరిమీద వేశారు? వొకరి మెరక తోసిన నీరు యెవరి యింటికి పోతున్నది?

1977 నవంబరులో దివిసీమ వుప్పెన వేలమందిని మింగిన తర్వాత కోస్తాలో తుఫాను రక్షణ భవనాలు స్తంభాల మీద లేచాయి. ఆ యెత్తైన గచ్చు యే వొక్కరి ఆస్తీ కాదు. ఆ రాత్రికి ఆసామి, పాలేరు, యే వాడవాళ్లయినా వొకే మట్టాన నిలబడవలసిందే. వొక రాత్రికి సాధ్యమైన యీ సమాన మట్టం మామూలు రోజుల్లో యెందుకు సాధ్యం కాదన్న ప్రశ్నను విద్యార్థులూ, ఉపాధ్యాయులూ తరగతి గదుల్లోకీ, వార్డు సభల్లోకీ తీసుకుపోవాలి. గడప యెత్తు పురపాలక ఇంజనీరుకు వదిలేయదగిన చిన్న వివరం కాదు.